ఆరో ఎపిసోడ్‌లో దుబాసీ

హారిస్ పార్క్, సిడ్నీ
2025 ఆగస్టు 24, ఆదివారం

చిరంజీవి సాహిత్యకి,

సుగుణ ఆంటీ ఆశీస్సులు. నువ్వు కులాసాగానే ఉన్నావని టీవీలో నీ పేరు పడినప్పుడే తెలిసింది. ఇక్కడ నేనూ, మీ రాధాకృష్ణ అంకులూ బాగానే ఉన్నాం. ఈ వారం చలి కాస్త తగ్గింది గానీ నా మోకాళ్లకి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. మెల్‌బోర్న్ శివార్లలో, ఆ ట్రుగనీనాలో మీకు గాలి ఎక్కువ కదా, చెవులు కప్పుకుని తిరుగు.

మర్యాదలు అయ్యాయి. ఇక కోపం.

బుధవారం సాయంత్రం మీ ఆసుపత్రి సీరియల్ "లెవెల్ ఫోర్" ఆరో ఎపిసోడ్ చూశాను. అప్పటి నుంచి రెండుసార్లు నీ నంబరు తీసి మళ్లీ ఫోన్ పక్కన పెట్టేశాను. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు సారీ ఆంటీ అంటావు, ఇద్దరం వంటల గురించి మాట్లాడుకుని పెట్టేస్తాం. ఈ విషయం అలా తేలిపోకూడదు. అందుకని కాగితం తీసుకున్నాను. చివరిదాకా చదువు.

ఆ ఎపిసోడ్ వస్తోందని నేను ఎంతమందికి చెప్పానో నీకు తెలీదు. ఆస్ట్రేలియా టీవీలో ఒక తెలుగు దుబాసీ కథ వస్తోంది, రాసింది మన అమ్మాయే అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. మా ఆఫీసులో కొత్తగా చేరిన వైశాలిని ఇంటికి పిలిచాను. ఆ పిల్ల నాలాగే ఆసుపత్రుల్లో ఇంటర్‌ప్రెటర్‌గా చేరి నాలుగు నెలలైంది. చూసి నేర్చుకుంటుందని పిలిచాను. అంకుల్ మిరపకాయ బజ్జీలు తెచ్చారు. పక్కింటావిడని కూడా పిలిచి కూర్చోబెట్టాను.

ముందు చిన్న తప్పులు చెప్తాను. మీ డాక్టర్ హేడెన్ పొద్దున బయాప్సీ తీస్తాడు, మధ్యాహ్నం తనే మైక్రోస్కోపులో చూస్తాడు, సాయంత్రం తనే వచ్చి రోగికి చెప్తాడు. మా ఆసుపత్రిలో ఆ మూడు పనులకీ ముగ్గురు మనుషులు, మూడు వారాలు. పోనీ, టీవీకి తొందర ఎక్కువ అనుకున్నాను. మీ దుబాసీ మాలిని డాక్టరు పక్కన నిలబడి ముసలాయన వైపు చెయ్యి చూపిస్తూ మాట్లాడింది. మేం నిలబడం. రోగి పక్కన, ఒక్క అడుగు వెనక్కి కుర్చీ వేసుకుని కూర్చుంటాం. రోగి, డాక్టరు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి, మా మొహం కాదు. రోగి "నాకు భయంగా ఉంది" అంటే "ఆయనకి భయంగా ఉందట" అని మాలిని చెప్పింది. అలా చెప్తే మా పరీక్షలోనే తప్పిస్తారు. రోగి నేను అంటే మేమూ నేను అనే అంటాం. ఇవన్నీ నీకు నేను చెప్పాను. నువ్వు నోట్‌బుక్‌లో రాసుకున్నావు కూడా.

ముసలాయన వేషం వేసినాయన మంచి నటుడే అయ్యుండొచ్చు. కానీ ఆయన తెలుగు ఎవరో అక్షరం అక్షరం రాసిస్తే అప్పజెప్పినట్టుంది. "నాకు ఆకలి వెయ్యడం లేదు" అని ఆయన అంటాడు. తెర కింద ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రం బతుకు మీద ఆశ తీరిపోయిందన్న అర్థం వచ్చేలా వేశారు. ఆకలి వెయ్యకపోవడం జబ్బు లక్షణం తల్లీ. డాక్టరు అది విని రాసుకోవాలి, ఎన్నాళ్లనుంచి అని అడగాలి, బరువు చూడాలి. మీరు దాన్ని వేదాంతం చేసి పడేశారు. ఇదే పని నేను ఆసుపత్రిలో చేస్తే ఒక మనిషి ప్రాణం మీదకి వస్తుంది.

ఇవి కూడా వదిలేద్దును. అసలు సంగతికి వస్తాను.

ముసలాయన కూతురు కాఫీ మెషీన్ దగ్గర మాలిని చెయ్యి పట్టుకుని ఏడుస్తుంది. మా నాన్నకి ఆ జబ్బు పేరు చెప్పకండి, తట్టుకోలేడు అంటుంది. మాలిని లోపలికి వెళ్తుంది. డాక్టరు నింపాదిగా, స్పష్టంగా, ఇది క్యాన్సర్ అంటాడు. మాలిని రెండు క్షణాలు కళ్లు మూసుకుని, ముసలాయన వైపు తిరిగి, కడుపులో చిన్న పుండు ఉందట, మందులకి మానిపోతుందట అని చెప్తుంది. ముసలాయన నవ్వుతాడు. వయొలిన్ మొదలవుతుంది.

వైశాలి నా వైపు చూసింది. నేను టీవీ వైపే చూస్తున్నాను. ఒక్క మాట అడుగుతాను, చెప్పు. క్యాన్సర్‌ని తెలుగులో ఏమంటారు? క్యాన్సరే అంటారు. డాక్టరు నోట్లోంచి ఆ మాట వచ్చాక ముసలాయనకి దుబాసీ ఎందుకు? ఆయన చెవిటివాడు కాదు కదా. ఇంగ్లీషు రానివాడికి బుర్ర కూడా ఉండదని ఈ దేశంలో చాలామంది అనుకుంటారు. మనవాళ్లం, మనం కూడా అలాగే అనుకుంటే ఎలా?

తర్వాత ఆయన వరండాలో, జకరాండా చెట్టు కింద పూలు రాలుతుంటే, నవ్వుతూ పోయాడు. కూతురు మాలినిని కౌగిలించుకుని, మా నాన్నకి ప్రశాంతత ఇచ్చారని దండం పెట్టింది. ఒక మనిషి తన ఒంట్లో ఏముందో తనకి తెలియకుండా చచ్చిపోయాడు. ఎవరితో ఏం చెప్పుకోవాలో చెప్పుకోలేదు, ఎవరిని చూడాలో చూసుకోలేదు. మీరు దానికి సంగీతం పెట్టారు. పక్కింటావిడ కళ్లు తుడుచుకుంది. ఎంత మంచి మనసు ఆ దుబాసీది అంది నాతో. నేను చేతిలో బజ్జీ పళ్లెంలో పెట్టేశాను.

ప్రొడ్యూసర్లు మార్చారని అంటావేమో. రచన అని ఒక్క నీ పేరే పడింది.

పోయిన ఏడాది నువ్వు సిడ్నీ వచ్చి ఫోన్ చేసినప్పుడు, మీ నాన్నగారు పోయాక అదే మొదటిసారి మనం మాట్లాడుకోవడం. నిజాయితీగా పనిచేసే ఒక ఇంటర్‌ప్రెటర్ గురించి రాద్దామనుకుంటున్నాను, మీ దగ్గర కూర్చోవాలి ఆంటీ అన్నావు. స్టేషన్ దగ్గర మిఠాయి కొట్లో నాలుగు గంటలు కూర్చున్నాం. రెండుసార్లు టీ చల్లారిపోయింది. పదహారేళ్ల నా పని అంతా నీ ముందు పెట్టాను. అందులోంచి నువ్వు ఏం తీసుకున్నావు? నా బూడిదరంగు స్వెట్టరు తీసుకున్నావు. మెడలో బ్యాడ్జీని వేళ్లతో తిప్పే నా అలవాటు తీసుకున్నావు. వైశాలి వెంటనే పట్టేసింది, ఇది మీరే కదా మేడమ్ అంది. స్వెట్టరు నాది, బ్యాడ్జీ నాది, అబద్ధం మాత్రం నీది. నా ఒంటికి నీ అబద్ధం తొడిగి దేశమంతా చూపించావు.

ఆసుపత్రిలో ఆ రోజు నిజంగా ఏం జరిగిందో నీకంటే ఎవరికి బాగా తెలుసు? 2022 అక్టోబరు పదకొండు, మంగళవారం. తణుకు ఆర్టీసీ డిపోలో ముప్ఫయ్యేళ్లు మెకానిక్‌గా చేసి, మీ అమ్మగారు పోయాక సిడ్నీలో నీ దగ్గరికి వచ్చేసిన మీ నాన్న కనకరాజు గారికి ఆ రోజు రిపోర్టులు చెప్పాలి. అంతకు ముందు మూడు అపాయింట్‌మెంట్లకి ఆయన పక్కన నేనే కూర్చున్నాను. ఆయన తన కడుపునొప్పిని డాక్టరుకి గేరుబాక్సులో శబ్దంలాగా వర్ణించేవారు, నేను గేరుబాక్సు అనే చెప్పేదాన్ని. డాక్టరు నవ్వి అర్థం చేసుకునేవారు.

లిఫ్టు దగ్గర నువ్వు నన్ను ఆపావు. "ఆంటీ, ఆ మాట ఒక్కటి అనకండి. గడ్డ అనండి, పుండు అనండి, ఇంకేదైనా అనండి" అన్నావు.

"డాక్టరు అంటే నేను అనాల్సిందేనమ్మా. ఒళ్లు ఆయనది, ఆయనకి తెలియాలి" అన్నాను.

అయితే నేను ఆ గదిలో ఉండలేనన్నావు. నువ్వు కిందకి వెళ్లిపోయావు, నేను లోపలికి వెళ్లాను. డాక్టరు చెప్పారు, నేను చెప్పాను. మీ నాన్నగారు కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి విన్నారు. ఎక్కడ, ఎంత పాకింది అని అడిగారు. బొమ్మ గీసి చూపించమన్నారు. డాక్టరు గీశారు. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, పాంక్రియాస్ అన్న మాటని రెండుసార్లు పలికి నేర్చుకున్నారు.

ఆ తర్వాత ఆయన బతికిన అయిదు నెలల గురించి మిఠాయి కొట్లో నువ్వే నాకు చెప్పావు. పదకొండేళ్లుగా మాట్లాడని తమ్ముడికి తనే ఫోన్ చేశారని చెప్పావు. మీ వీధిలో పాడైన లాన్‌మోవర్లన్నీ తెప్పించుకుని గరాజ్‌లో బాగుచేసి ఇచ్చారని చెప్పావు. నీకు పులుసు పెట్టడం నేర్పించి, రుచి చూసి, పర్వాలేదన్నారని చెప్పి నవ్వావు, ఏడ్చావు. తెలిసిన మనిషి కాబట్టి ఆ పనులు చేసుకున్నారు. కడుపులో పుండు, మానిపోతుంది అని ఎవరైనా చెప్పి ఉంటే, మానాక చేద్దాం అనుకుని అన్నీ వాయిదా వేసేవారు. ఇదంతా నీ ఇంట్లో, నీ కళ్ల ముందు జరిగింది. అది వదిలేసి జకరాండా పూలు రాశావు. ఆ రోజు నేను నీ మాట వినాల్సిందని నువ్వు ఇంకా అనుకుంటున్నావన్నమాట. అనుకో, అది నీ ఇష్టం. కానీ అది నాకు చెప్పు, నా మొహం మీద చెప్పు. లక్షలమందికి చెప్పకు.

టీవీ కథే కదా, ఆంటీ ఇంత చేస్తోంది అనుకుంటున్నావు కదూ. శుక్రవారం ఏం జరిగిందో విను.

ఒక పెద్దావిడ. పేరు, జబ్బు చెప్పకూడదు. డెబ్బై దాటింది, మన గుంటూరు వైపు మనిషి. మర్నాడు ఆపరేషన్, కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టాలి. సర్జన్ చెప్తున్నారు, నేను చెప్తున్నాను. మధ్యలో ఆవిడ చెయ్యెత్తి సర్జన్‌ని ఆపి నా వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు ఆయన చెప్పిందే చెప్తున్నావా, నా మీద జాలిపడి నీ సొంతం చెప్తున్నావా?" అంది.

బుధవారం మనవడితో కలిసి మీ ఎపిసోడ్ చూసిందట.

ఆవిడ అన్నది నేను ముందు సర్జన్‌కి ఇంగ్లీషులో చెప్పాలి కదా, చెప్పాను. నన్ను అనుమానించిన మాటల్ని నా నోటితోనే చెప్పాను. ఆయన, ఇంటర్‌ప్రెటర్లు అలా చెయ్యరండీ, వాళ్లకి నియమాలు ఉంటాయి అన్నారు. అది కూడా నేనే తెలుగులో చెప్పాలి. ఏమీ మార్చడం లేదమ్మా అని నా తరఫున నేనూ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మనవడు వస్తే గానీ సంతకం పెట్టనంది. ఆ అబ్బాయి గోడౌన్‌లో షిఫ్టు దిగి వచ్చేసరికి సాయంత్రం అయింది. అప్పటికి ఆవిడ ఆపరేషన్ వేళ ఇంకొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు మంగళవారం దాకా ఆ నొప్పితో మంచం మీద ఉండాలి. ఆవిడని నేను తప్పు పట్టను. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నన్ను నమ్మడం తప్ప ఆవిడకి ఇంకో దారి లేదు, ఆ ఒక్క దారికి మీరు అడ్డంగా గోడ కట్టారు.

వైశాలి నిన్న ఫోన్ చేసింది. ఒక రోగి కొడుకు తనని బయట ఆపి, టీవీలో చేసినట్టు మీరూ కాస్త చూసి చెప్పండి అన్నాడట. ఏం చెయ్యాలి మేడమ్ అని అడిగింది. ఆ పిల్లకి నేను ఏం చెప్పాలి? రాసిన అమ్మాయికి నేనే నాలుగు గంటలు పాఠం చెప్పానని చెప్పనా?

నాకు క్షమాపణ వద్దు. మీ ఛానల్ వాళ్లు కింద చిన్న అక్షరాల్లో వేసే వాక్యం కూడా వద్దు. ఇంకా నాలుగు ఎపిసోడ్లు ఉన్నాయి కదా. వాటిలో ఏదో ఒకదాంట్లో ఆ మాలిని చేత నిజం చెప్పించు. ఒక రోగి ఎదురుగా కూర్చోబెట్టు, కష్టమైన మాట నోట్లోకి తీసుకుని, మింగకుండా, తీపి కలపకుండా చెప్పించు. వయొలిన్ లేకుండా. అది రాయడం కష్టం. కానీ రాయగలవు. మీ నాన్నగారి మొహం నీకు గుర్తుండే ఉంటుంది.

ఇంత కోపంగా నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు. నీ మీద ఆశ లేకపోతే ఇదీ రాయను. ఒంట్లో జాగ్రత్త. వేళకి తిను.

నిన్ను కోప్పడే చనువు ఇంకా ఉందనుకుంటున్న
సుగుణ ఆంటీ

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, మళ్లీ తీశాను. పైన రాసిందంతా జరిగిందే. కానీ జరిగిందంతా పైన లేదు. ఇది ఇవాళ చెప్పకపోతే ఎప్పటికీ చెప్పను.

ఆ మంగళవారం నువ్వు కింద ఉండగా డాక్టరు ఇంకో సంగతి కూడా చెప్పారు. కీమో ఇవ్వొచ్చన్నారు. దానితో నయం కాదు, కానీ తీసుకుంటే ఏడాది దాకా, కొందరికి ఇంకొంచెం ఎక్కువ కూడా గడుస్తుందన్నారు. తీసుకోకపోతే నాలుగైదు నెలలు అన్నారు. రెండు వారాలకొకసారి ఆసుపత్రికి రావాలి, ఇంట్లో ఒక మనిషి ఎప్పుడూ తోడుండాలి అన్నారు. మీ నాన్నగారు వద్దన్నారు. డాక్టరు మళ్లీ అడిగారు, ఆయన మళ్లీ వద్దన్నారు. ఈ కీమో సంగతి కూతురికి చెప్పొద్దని డాక్టరుని కోరారు. అది నేను ఇంగ్లీషులో చెప్పాను, డాక్టరు ఫైల్లో రాసుకున్నారు. రోగికి ఆ హక్కు ఉంది. అక్కడిదాకా ఎవరి తప్పూ లేదు.

డాక్టరు ఏవో కాగితాలు తేవడానికి బయటికి వెళ్లారు. అప్పుడు మీ నాన్నగారు నా వైపు తిరిగారు. "జనవరిలో మెల్‌బోర్న్‌లో దానికి ఆ రాసే ఉద్యోగం ఉందమ్మా. నేను మందు పెట్టించుకుంటే అది వెళ్లదు. ఇంక మందు లేదన్నాడని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతుంది" అన్నారు.

అది నా పని కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. తల ఊపాను.

నువ్వు లిఫ్టులోంచి బయటికి వచ్చి, క్యాన్సర్ అన్నారా అని అడిగావు. అన్నారన్నాను. ట్రీట్‌మెంట్ ఏమన్నారు అని అడిగావు. డాక్టర్నే అడుగు అనాలి నేను. మా నియమం ప్రకారం వరండాలో ఒక్క మాటకి కూడా జవాబు చెప్పకూడదు. ఇంక చెయ్యడానికి ఏమీ లేదన్నారమ్మా అని చెప్పాను. నువ్వు డాక్టర్ని అడగలేదు. ఇంకో డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లలేదు. నువ్వు బతిమాలినా ఒక్క మాట మార్చనని చెప్పిన మనిషిని కదా, అందుకే నమ్మావు.

జనవరిలో ఆయన్ని తీసుకుని ట్రుగనీనా వెళ్లి ఉద్యోగంలో చేరావు. మార్చిలో ఆయన పోయారు. ఇప్పుడు ఆ ఉద్యోగంలోనే కూర్చుని ఈ ఎపిసోడ్ రాశావు. బుధవారం మాలిని అబద్ధం చెప్తుంటే నాకు ఒళ్లు మండింది నువ్వు కల్పించావని కాదు. నీకు తెలిసిపోయిందేమో, తెలిసి రాశావేమో అనుకున్నాను. చివర్లో కూతురు దండం పెట్టడం చూశాక నీకు తెలీదని అర్థమైంది. అప్పుడు ఇంకా కోపం వచ్చింది, అది ఎవరి మీదో మూడు రోజులు తేల్చుకోలేకపోయాను.

ఆ గంటలో తండ్రీ కూతుళ్లు ఇద్దరూ నన్ను ఒకటే అడిగారు, అబద్ధం చెప్పమని. నిన్ను కాదన్నాను, ఆయన్ని కాదనలేకపోయాను. రేపు సోమవారం మా ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. నా సర్టిఫికెట్ ఉంచుతారో తీసేస్తారో వాళ్ల ఇష్టం. నువ్వు కూడా ఫిర్యాదు చెయ్యాలనుకుంటే చెయ్యి, నేను కాదనను.

ఆ మందుతో ఆయనకి ఇంకో ఆరు నెలలు వచ్చేవో, ఉత్త బాధే వచ్చేదో ఎవరూ చెప్పలేరు. నువ్వు అడిగినా ఆయన వద్దనే అనేవారేమో. కానీ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, తీసుకో నాన్నా అని బతిమాలుకునే హక్కు నీకు ఉండేది. అది నేను తీసేశాను.